పూజలో పెట్టిన పానాలు

పోయిన వారం నాగేంద్రను మనం తార్నాకలో అతని ఇంటి ముందు, రిక్షాలోంచి ఒక కాలు కింద పెట్టి రెండో కాలు పెట్టకుండా, అలాగే వదిలేసి వచ్చాం. పరీక్షల పని మీద అనంతపురం వెళ్ళి, రాత్రంతా రైల్లో కూర్చుని, మహర్నవమి పొద్దున కాచిగూడ స్టేషన్లో దిగి ఇల్లు చేరిన మనిషి అతను. వాకిట్లో తన పాత హెరాల్డ్ కారు కనిపించింది. కనిపించిందే కానీ అది తన కారేనని నమ్మడానికి కొంచెంసేపు పట్టింది. పొదుగుతున్న కోడిపెట్టలా నేలకు అతుక్కుని కూర్చుంది. ముందు చక్రాలు మామూలుగానే ఉన్నాయి. వెనక చక్రాలు మాత్రం లావుగా, వెడల్పుగా, మడ్‌గార్డుల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి.

అతని భార్య శ్యామలాంబ పోయి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో నాగేంద్ర ఆ కారును రోజూ తుడిచాడు తప్ప పెద్దగా తిప్పలేదు. అలాంటి కారు స్ప్రింగులు కోసి కిందికి దించినవాడు బావమరిది ఓబులేసు. "ఎవర్నడిగి కోశావురా?" అని నాగేంద్ర కేకేస్తే ఓబులేసు తలెత్తలేదు. జవాబు వంటింట్లోంచి వచ్చింది, అత్తగారు ఈశ్వరమ్మ గొంతుతో.

"నేనే చెప్పినా, కొయ్యమని."

నాగేంద్ర రెండో కాలు కూడా కింద పెట్టి రిక్షావాణ్ణి పంపేశాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో కొంత శక్తి ఉండాలి. అది రైల్లోనే అయిపోయింది.

ఈశ్వరమ్మ పసుపు చేతులతోనే గడప దాకా వచ్చింది. "ముందు కాళ్ళు కడుక్కో నాయనా. కాఫీ తాగు. కొట్లాట యాడికీ పోదు, ఈడనే ఉంటాది."

కొళాయిలో నీళ్ళు వస్తున్నాయి. పండగనాడు ఆ వేళకు నీళ్ళు రావడమే ఒక దయ అనుకుంటూ నాగేంద్ర కాళ్ళు కడుక్కున్నాడు. కాఫీ తనకు సరిపోయే చక్కెరతో వచ్చింది. దాన్ని చివరి గుక్క దాకా తాగి, గ్లాసు వరండా గోడ మీద పెట్టి, కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఓబులేసు దూరంగా నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, లాలాపేట్ దగ్గర ఒక కార్ఖానాలో లేతు మీద పని. అక్క ఉన్నప్పుడు ఇంజనీరింగ్ చదువుతానని వచ్చి, అక్క పోయాక చదువు మానేసి, ఈ ఇంట్లోనే ఉండిపోయాడు. శ్యామలాంబ పోయేముందు తమ్ముణ్ణి మొగుడికి ఒప్పజెప్పిందేమీ లేదు. అంత వ్యవధి లేకపోయింది. అడిగి తీసుకున్న మాటనైతే ఎప్పుడైనా తీరిందనుకోవచ్చు. అడగని మాట ఎప్పటికీ తీరదు.

"దేంతో కోశావు? గ్యాస్ మంటతోనా?"

"లేదు బావా. హాక్సాతోనే. స్ప్రింగుకు మంట తగిలితే బిగువు చచ్చిపోతాదని నువ్వే కదా చెప్తివి."

గోడ వారగా పళ్ళరిగిపోయిన బ్లేడ్లు కుప్పగా పడున్నాయి. ఆ ఉక్కును చేత్తో కోయడమంటే ఎంత చాకిరో నాగేంద్రకు తెలుసు. ఆ కుప్పను చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

"వెనక?"

"కమాన్ స్ప్రింగు కట్టలోంచి ఒక పట్టీ తీసేసినా. అందుకే దిగింది."

"ఈ చక్రాలెక్కడివి?"

"మన రిమ్ములే బావా. మధ్యకు కోయించి, రెండంగుళాల ఇనప పట్టీ ఏసి, వెల్డింగ్ చేయించినా. గోల్నాకలో వీరస్వామి అని ఉన్నాడు. మూడు రిమ్ములూ ఒక్క పూటలో చేసిచ్చినాడు."

"ఏం చేస్తాడతను మామూలుగా?"

ఓబులేసు కొంచెం తటపటాయించాడు. "గేట్లు. కిటికీ చువ్వలు."

"గేట్లు చేసే మనిషితో చక్రాలు చేయించావా?"

"మంచి పనోడు బావా. ఆయన చేసిన గేటు ఇంతవరకూ ఒక్కటీ ఊడలేదంట."

"గేటు గంటకు అరవై మైళ్ళు పరిగెత్తదురా!"

తన మాటకు తనకే నవ్వొచ్చినట్టయింది కానీ, మొహం దాకా రాలేదు. నాగేంద్ర అరచేతిని నిలువుగా పెట్టి, వెనక టైరుకూ మడ్‌గార్డు అంచుకూ మధ్య దూర్చి చూశాడు. దూరలేదు. అంచును సుత్తితో లోపలికి మడిచి కొట్టిన దెబ్బలు వేళ్ళకు తగిలాయి.

"వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే టైరు దీనికి ఒరుసుకుంటుంది. గతుకులో పడితే కోసుకుపోతుంది."

"పందెంలో వెనకెవరు కూచుంటారు బావా? నువ్వు కూచుంటావా?"

పందెం! అదీ అసలు సంగతి. ఊరవతల వాడకం లేని రన్‌వే మీద వచ్చే ఆదివారం కార్ల పందెం ఉందట. పేరు కూడా ఇచ్చేశాడట. ఎత్తుగా ఉన్న బండి మలుపులో ఒరిగిపోతుంది, కిందికి దించితే నేలను పట్టుకుంటుంది, వెనక వెడల్పు చక్రాలుంటే జారదు. చెప్తూ చెప్తూ ఓబులేసు కళ్ళు మెరిశాయి. వాడు చెప్పేది తప్పేమీ కాదు. ఇంజనీరింగ్ కాలేజీ క్లాసులో ఒకప్పుడు తను బల్ల మీద అగ్గిపెట్టెను నిలువుగా ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి తోసి చూపించిన పాఠమే. ఆ పాఠం పిల్లలంతా రాసుకుని మరిచిపోయారు. వీడొక్కడు మరవలేదు.

"నువ్వు పోవడానికి వీల్లేదు," అన్నాడు నాగేంద్ర లేస్తూ. "స్ప్రింగులు మళ్ళీ కొత్తవి తెచ్చి వేద్దాం. దీన్ని ముందెట్లా ఉందో అట్లా చేసి పెట్టు."

"వద్దు!" అంది ఈశ్వరమ్మ.

ఆవిడ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. బావా బావమరుదులిద్దరూ వెనక్కి తిరిగారు. ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని, కొంగుతో చేతుల పసుపు తుడుచుకుంటోంది. ఎంత తుడిచినా పసుపు పోవడం లేదు.

"ఆ పొద్దు నా బిడ్డను ఆస్పత్రికి తీసుకపోయింది ఈ బండిలోనే గదా. నేను కిటికీ కాడ నిలబడితిని. సాయంత్రం బండి వచ్చె. నువ్వొక్కనివే దిగితివి. అప్పటి నుంచి బండి ఎట్లుండెనో అట్లే పెట్టినావు. దినామూ తుడుస్తావు. మెరిపిస్తావు. నేను పొద్దున్నే లేస్తే కిటికీలోంచి ఇదే కనపడతాది. నా బిడ్డ ఇంకా లోపలే కూచోనుంది, తలుపు తీసుకోని దిగుతాది అనిపిస్తాది. దిగదు గదా నాయనా. దినామూ దిగదు."

నాగేంద్ర మెట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నీకు కాలేజీ ఉంది. ఆడ చదువుకునే పిల్లోళ్ళున్నారు. నాకు ఆ కిటికీ ఒకటే ఉంది. అమ్మేయమంటే నువ్వు అమ్మవు. అడిగితే నీ మనసు కష్టపడతాదని నేను అడగను. అందుకే నువ్వు లేనప్పుడు వీనికి చెప్పినా, ఒరే, దీన్ని నేను గుర్తుపట్టకుండా చేయరా అని. వాడు పందెమన్నాడు. పందెమో గిందెమో, నాకేం తెలుసు? అది అట్ల ఉండగూడదు, అంతే."

గోడ అవతల ఎవరింట్లోనో రేడియోలో నాదస్వరం వస్తోంది. నాగేంద్ర కారును చూశాడు, తర్వాత కిటికీని చూశాడు. మూడేళ్ళుగా ఈ వాకిట్లో నిలబడి తుడిచాడు కానీ, ఆ కిటికీ లోపలి నుంచి చూస్తే ఏం కనబడుతుందో ఒక్కసారీ అనుకోలేదు. భార్య గుర్తును తను జాగ్రత్త చేస్తున్నాననుకున్నాడు. పక్కగదిలో ఒక ముసలిప్రాణం దాంతో రోజూ కోత పడుతోందని తెలియలేదు. అయినా ఆవిడ ఈ మూడేళ్ళూ ఒక్కమాట అనకుండా కాఫీలో చక్కెర సరిగ్గా వేస్తూ వచ్చింది.

"సరే అత్తా," అన్నాడు చివరికి. "ముందున్నట్టు చెయ్యొద్దు. ఇట్లాగే ఉండనీ."

ఓబులేసు మొహం విప్పారింది. "అయితే ఆదివారం..."

"ఆదివారం సంగతి తర్వాత. ముందు ఆ వెనక చక్రాలు రెండూ విప్పు. వెల్డింగ్ చూడాలి. పానాలు తీసుకురా."

ఓబులేసు కదల్లేదు. తల్లి వంక చూశాడు. ఈశ్వరమ్మ పూజగది వంక చూసింది.

పూజగదిలో పీట మీద ఎర్రగుడ్డ పరిచి, ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ పేర్చి ఉన్నాయి. చిన్నవీ పెద్దవీ పానాలు, చక్రం నట్లు విప్పే ఇనప కడ్డీ, జాకీ, సుత్తి, హాక్సా, ఆవిడ కత్తెర, కత్తిపీట. వాటి మధ్య నాగేంద్ర లెక్కలు కట్టే స్లైడ్ రూల్ కూడా ఉంది, కొసన కుంకుమ బొట్టుతో. ఆయుధపూజ! రాయలసీమ ఇళ్ళల్లో నవమినాడు పూజలో పెట్టిన పనిముట్టును దశమి పొద్దున హారతిచ్చి, పీట కదిలించేదాకా ముట్టరు.

"రేపు తెల్లారి తీసిస్తా," అంది ఈశ్వరమ్మ. "ఈ పొద్దు ముట్టగూడదు."

నాగేంద్రకు పెద్ద భక్తి లేదు. కానీ చిన్నప్పుడు తన ఇంట్లోనూ నవమినాడు పుస్తకాలు పూజలో పెట్టేవారు. ఆ ఒక్కరోజు ఎవరూ చదువుకొమ్మని అనేవారు కాదు. అమ్మవారి దయల్లో అదొకటి. పక్కింటికి వెళ్ళి పానా అడుగుదామన్నా, కాలేజీ వర్క్‌షాపు తెరిపిద్దామన్నా, ఆ రోజు ఊళ్ళో ఏ పానా అయినా పసుపు పూసుకునే ఉంటుంది. వాదించే ఓపిక కూడా లేకపోయింది. రేపు పొద్దున్నే విప్పుదాంలే అనుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పనిముట్లకొక ఆచారముంటే బండికింకొకటి ఉంది. పూజ చేసిన పానాను ముట్టగూడదు. పూజ చేసిన బండి మాత్రం కదలాలి.

"ఒక్క చుట్టన్నా తిరగల్ల నాయనా," అంది ఈశ్వరమ్మ. "కదలని బండికి పూజ ఎందుకు?" తర్వాత మెల్లిగా అంది. "నేనూ కూచుంటా."

ఓబులేసు చేతిలో నిమ్మకాయలున్నాయి. వాటిని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఈ మూడేళ్ళలో ఆవిడ ఆ బండి ఎక్కలేదు. గుడికి పోయినా, పెళ్ళికి పోయినా, బస్సులోనో రిక్షాలోనో పోయింది. ఎండలో నడిచైనా పోయింది.

ఆ ముసలి మొహం మీద ఆశలాంటిదేదో కనిపించింది. దాన్ని చూశాక కాదనడం నాగేంద్రకు చేతకాలేదు.

"ఆర్ట్స్ కాలేజీ దాకా పోయి వెనక్కి వచ్చేయ్," అన్నాడు ఓబులేసుతో. "సెలవులు, రోడ్డు ఖాళీగా ఉంటుంది. సైకిలు మీద పోయేవాడు నిన్ను దాటిపోవాలి. అంత నెమ్మదిగా. వింటున్నావా?"

"వింటాండా బావా."

బండిని గేటు దాటించడమే ఒక గండమైంది. గేటు ముందు మురికినీళ్ళ మోరీ మీద షాబాదు బండ పరిచి ఉంది. బండి ఎత్తుగా ఉన్నప్పుడు దాన్ని సులువుగా దాటిపోయేది. ఇప్పుడు ముందు చక్రాలు దిగగానే పొట్ట బండకు తగిలి గర్రుమంది. అంత కష్టపడి బండిని దించినవాడికి, దించాక అది గేటు దాటి ఎట్లా పోతుందన్న ఆలోచన మాత్రం రాలేదు.

పక్కింటి లింగమ్మ మొన్నటి బతుకమ్మ పళ్ళెం తిరిగివ్వడానికి వచ్చి, అక్కడే నిలబడి చూసింది. "ఏంది సారూ, గీ కారు గిట్ల కూసున్నది? నడుం పట్టిందా ఏంది?"

"నడుం పట్టలేదక్కా, రేస్ కారు గిట్లనే ఉంటది," అన్నాడు ఓబులేసు ఆవిడ యాసలోనే.

"రేసా! గేటు దాటనిది రేసేం కొడ్తది?" అని లింగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే తన ఇంట్లోంచి మంచం కోళ్ళ కింద పెట్టే చెక్కలు తెచ్చిచ్చింది. నాగేంద్రే వంగి వాటిని చక్రాల కింద సర్దాడు. నాలుగు నిమ్మకాయలు చిట్లాయి. బండి రోడ్డెక్కింది. ముందు సీట్లో ఈశ్వరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాయబోయే పిల్లలా కూర్చుంది. బండి మలుపు తిరిగేదాకా నాగేంద్ర చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత వరండాలోకి వచ్చి కుర్చీలో వాలాడు. నిద్ర రావాలి. రాలేదు. గోడకు ఆనించి మూడో రిమ్ము ఉంది, టైరు లేకుండా ఉట్టి ఇనుము. అదనంగా ఉంటుందని ఓబులేసు చేయించాడట. దానికీ ఒక పసుపు బొట్టు పెట్టి ఉంది. వెల్డింగ్ వేసిన అతుకు వెంబడి పైన నల్లరంగు దట్టంగా పూశారు. మరీ దట్టంగా.

దాన్ని పరీక్ష చేయడానికి పానా అక్కర్లేదు. కిరసనాయిలు, సుద్ద చాలు. ఆ రెండూ పూజలో లేవు.

కాలేజీలో ప్రతి ఏడూ చేసి చూపించే పరీక్షే అది. అతుకు మీద కిరసనాయిలు పూసి కాసేపు వదిలేయాలి. పగులుంటే నూనె అందులోకి దిగుతుంది. పైన పొడిగుడ్డతో తుడిచేసి సుద్ద పూయాలి. అతుకు మంచిదైతే సుద్ద తెల్లగానే ఉంటుంది. పగులుంటే లోపలి నూనె బయటికొచ్చి తడి గీత గీస్తుంది. నాగేంద్ర ఇటుకముక్కతో రంగు గీకి, వంటింటి స్టవ్‌లోంచి కాస్త నూనె వంపుకొచ్చి పూశాడు. ఇదంతా ఆదివారం కోసమే. చేయడానికి వేరే పనేమీ లేక. వాడికి కాగితం మీద కాకుండా కళ్ళెదుట చూపిస్తే వింటాడని.

కాసేపు కళ్ళు మూసుకున్నాడు. లేచి, తుడిచి, జేబులో ఎప్పుడూ ఉండే సుద్దముక్కను అతుకు పొడుగునా రుద్దాడు. చక్రాన్ని వెలుతురులోకి దొర్లించాడు.

తెల్లగానే ఉంది. నాగేంద్ర ఊపిరి వదిలాడు. వీరస్వామిని అనవసరంగా అనుమానించానే అనుకున్నాడు. చక్రాన్ని ఇంకొంచెం దొర్లించాడు.

సుద్ద మీద వెంట్రుకంత సన్నంగా ఒక గీత తేలింది. చూస్తుండగానే అది పొడుగయింది. వెడల్పయింది. అతుకు వెంబడే పాకి, బొటనవేలంత పాకి, జానెడు పాకి, ఇంకా పాకుతోంది. ఇనప పట్టీ సగం మేర రిమ్ముకు అతుక్కోనేలేదు. పైపైన వెల్డింగ్, దాని మీద నల్లరంగు, అంతే.

మూడు రిమ్ములూ ఒకే చెయ్యి చేసింది. ఒక్క పూటలో చేసింది.

నాగేంద్రకు తను సైకిలెప్పుడు తీశాడో తెలియలేదు. గేటులో లింగమ్మ చెక్కలు ఏరుకుంటోంది. "ఎటు పోతున్నవ్ సారూ, చెప్పుల్లేకుంట?" అని వెనక నుంచి అరిచింది. తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీ రోడ్డెక్కాడు. సైకిలు గొలుసు కిర్రుమంటోంది. రైలు ప్రయాణపు నొప్పులన్నీ మోకాళ్ళలోకి దిగాయి. రోడ్డు ఖాళీ. రెండువైపులా చెట్లు నీడనిస్తున్నాయి. ఆ చల్లదనానికి ఇంకో రోజైతే దణ్ణం పెట్టుకునేవాడు.

సైకిలు మీద పోయేవాడు నిన్ను దాటిపోవాలి అని చెప్పాడు కదా. వాడు ఆ మాట విని ఉంటే చాలు. నెమ్మదిగా పోతున్న బండిలో చక్రం విరిగినా కూలబడుతుంది, అంతే. మోచేయి గీరుకుంటుంది. ఆ మాట విన్నాడా, అమ్మవారూ?

ఎదురుగా, ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి రోడ్డు పల్లానికి దిగే చోట, హెరాల్డ్ కనిపించింది.

తిరిగి వస్తోంది. నెమ్మదిగానే వస్తోంది. నాగేంద్ర సైకిలు దిగిపోయాడు. బండి వంపు తిరిగింది. పక్కనుంచి పూర్తిగా కనబడింది. కిటికీలోంచి ఈశ్వరమ్మ ముంజేయి బయట పెట్టి, గాలిలో వేళ్ళు విప్పి, చిన్నపిల్లలా ఆడిస్తోంది. నవ్వుతోంది. ఆవిడకు అలా నవ్వడం వచ్చని నాగేంద్రకు తెలియదు.

ఆవిడ వైపు వెనక చక్రం గుండ్రంగా తిరగడం లేదు. తిరిగిన ప్రతిసారీ ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి, తాగినవాడిలా ఊగుతోంది.

నాగేంద్ర సైకిలును రోడ్డు మీద పడేశాడు. నడిమధ్యకు వచ్చి, రెండు చేతులూ తలపైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు. "ఆపు! ఓబులేసూ! ఆపురా!"

అద్దం వెనక ఓబులేసు మొహం వెలిగింది. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, నడిరోడ్డు మీద చేతులెత్తి ఎగురుతున్న బావను వాడు పుట్టి ఎన్నడూ చూడలేదు. మూడేళ్ళ తర్వాత బావకు ఇంత సంతోషమా! హారన్ గట్టిగా, పొడుగ్గా మోగించాడు.

ఇంజను గొంతు మారింది. బండి వేగం అందుకుంది.